వల చిరగని చోటు

అన్నా,

బాగున్నావా అని అడగడం వెర్రి. అయినా మన పలకరింపు అదొక్కటే కదా... బాగున్నావా?

నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరీకం అయింది. వదిన మామిడికాయ వేసి చందువ చేపల పులుసు వండి నీ ఫోటో ముందు పెట్టింది. పక్కనే నీ ఫోన్ కూడా పెట్టింది. ఆ ఫోన్ ఇంకా బతికే ఉంది. రోజూ చార్జింగ్ పెట్టి, మన గ్రూపులో ఎవరు ఏ పాట పెట్టినా నీ ఫోటో దగ్గరికి తీసుకెళ్ళి వినిపిస్తుంది. కాబట్టి ఈ ఏడాది ఏం జరిగిందో సగం నీకు తెలిసే ఉంటుంది. మిగతా సగం నేను చెబుతాను. అది నువ్వే చేసిన పని కాబట్టి అదీ తెలుసేమో... నాకు ఇప్పుడు నీ మీద కూడా అనుమానమే.

అవును, నీ మీదే. పూర్తిగా విను.

ముందు ఇంటి సంగతులు. వదిన ఆరోగ్యం ఫరవాలేదు. బిట్రగుంట బజారుకు చేపలు తీసుకెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరడిగినా నన్ను సొంత మరిది అనే చెబుతుంది. రక్తసంబంధం లేదు, గోడకి అవతల ఇల్లు మాత్రమే అని కొత్తవాళ్ళకి తెలియదు. బోటు నా చేతికే ఇచ్చింది. చుక్కాని దగ్గర నీ చోట నేను కూర్చుంటున్నాను, ముందువైపు నా చోట మా బావమరిది. నువ్వు కూర్చునే చెక్క అలాగే ఉంచాను. నీ అంత పొడుగు కాదు కదా, దాని మీద కూర్చుంటే నాకు కాళ్ళు కింద ఆనవు.

ఇక మన గ్రూపు. 'పాటల మూట' అని నువ్వు పెట్టిన పేరే ఉంది. నలుగురిలో ముగ్గురం మిగిలాం. బుచ్చిరెడ్డిపాలెం సుజాతక్క, దొరవారిసత్రం దేవరాజు, నేను.

ఇదంతా ఎలా మొదలైందో గుర్తుందా? ఎవరో పంపిన వీడియోలో ఆడవాళ్ళు వరినాట్లు వేస్తూ పాడుతున్నారు. అది విని నువ్వు, మనం వల లాగేటప్పుడు పాడేదీ ఇదీ ఒకే బాణీ అని ఇల్లెగిరిపోయేలా అరిచావు. వంగి నాటేవాళ్ళకీ వంగి లాగేవాళ్ళకీ ఒకే పాట ఎలా వచ్చిందని అందరినీ అడిగావు. ముందు పాడే ఆవిడ ఎవరో కనుక్కునేదాకా నీకు తిండి సయించలేదు. కామెంట్లలో పడి అడిగి అడిగి సుజాతక్కను పట్టుకున్నావు. ఆవిడ వెనకాలే దేవరాజు వచ్చాడు. పులికాట్ సరస్సులో గెడకర్రతో పడవ నెట్టుకుంటూ రొయ్యలు పట్టే మనిషి, సగం తమిళం సగం తెలుగు కలిపి జోలపాటలు పాడతాడు. మీరు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పదేళ్ళ స్నేహం ఉన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. నన్ను మాత్రం చెవులు పట్టుకుని చేర్చావు.

నీ షరతులు ఒకటా రెండా... సినిమా పాట పెట్టకూడదు. రోజుకి ఒకటే పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, "యాడ దొరికిందో చెప్పకుండా పాట పెట్టబాకండి" అనేవాడివి. మా అత్త పాడిన మంగళహారతి పెడితే, ఆవిడకి ఎవరు నేర్పారో అడిగి రమ్మని నన్ను మళ్ళీ పంపించావు. ఆవిడేమో, ఈ వయసులో నా గుట్టు నీకెందుకని నన్ను తిట్టి పంపింది.

వేట నుంచి వస్తూ టవరు అందగానే నువ్వు గ్రూపులో పాట పెట్టేవాడివి. ఆ తర్వాతే ఇంటికి ఫోన్. బుచ్చిరెడ్డిపాలేనికి తెలిశాక కానీ నా మొగుడు బతికి వస్తున్నాడని నాకు తెలియదని వదిన ఎన్నిసార్లు సాధించిందో... ఇప్పుడు ఆ సాధింపు కూడా లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అన్నా.

సరే, అసలు సంగతికి వస్తాను.

మన వలపాటలో మూడో చరణం. దాన్ని ఒడ్డున పాడకూడదు. మీ తాత నాటినుంచి అదే కట్టడి. అది పేరుకే పాట, నిజానికి సముద్రంలో రాళ్ళున్న చోటుకి దారి. గుడి గోపురం వెనక సెల్ టవరు నిలవాలి. అదే సమయంలో ఉత్తరాన ఒంటి తాడిచెట్టు వెనక ఐసు ఫ్యాక్టరీ గోడ నిలవాలి. ఈ రెండూ కుదిరిన చోట కింద రాళ్ళు, రాళ్ళ చుట్టూ వంజరాలు. మీ తాత రోజుల్లో టవరు లేదు, ఉప్పు కొట్టాలు ఉండేవట. గుర్తు మాయమైనప్పుడల్లా చుక్కాని పట్టినవాడు చరణంలో ఆ మాట మార్చుకుంటూ వచ్చాడు.

ఒడ్డున ఎక్కడ పాడినా నువ్వు రెండో చరణం నుంచి నాలుగోదానికి వెళ్ళిపోయేవాడివి. అంత నున్నగా అతికేది, మధ్యలో ఒకటి పోయిందని వినేవాళ్ళకు అనుమానం కూడా రాదు. జీపీఎస్ మిషను కొందామంటే ఒప్పుకోలేదు. "మిషన్లో పెడితే అది పట్టుకున్నోడిది అయిపోతాది రా. నోట్లో ఉంటే మనది" అన్నావు. చివరి సీజన్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చరణం నేర్పావు. అన్నాళ్ళూ నేను ముందువైపు వల మీద చూపుతో ఉండేవాణ్ణి. ఒడ్డు ఎప్పుడూ నా వీపు వెనకే. నేర్చుకున్నాక నీ కాళ్ళకు దణ్ణం పెట్టాను. అప్పుడు నువ్వు ముఖం అటు తిప్పుకున్నావు. కళ్ళలో నీళ్ళు దాచుకుంటున్నావనుకున్నాను...

వేట నిషేధం అయిపోగానే మొదట అక్కడికే వెళ్ళాను. గోపురం వెనక టవరు, తాడి వెనక ఫ్యాక్టరీ గోడ. చరణం పాడుతూ బోటు నిలిపాను. ఆ మాటలు నా గొంతులో వినేసరికి ఏడుపొచ్చింది. బావమరిది చూడకుండా ఉప్పునీళ్ళతో ముఖం కడుక్కున్నాను. వల వేశాం, లాగాం. ఏముంది? కాసిని చిన్న కానాగంత చేపలు, కొంచెం నాచు. వంజరం తోక కూడా లేదు.

వల మాత్రం ఎక్కడా చిరగలేదు. నీతో వెళ్ళిన ప్రతిసారీ ఆ రాళ్ళకు తగులుకుని చిరిగేది, కూర్చుని కుట్టుకోలేక చచ్చేవాళ్ళం. ఈసారి ఒక్క పోగు కూడా తెగలేదని బావమరిదితో గొప్పగా చెప్పాను. చూశావా నా తెలివి?

మళ్ళీ వెళ్ళాను. ఇంకోసారి వెళ్ళాను. అదే నాచు. ఇక లోపల పురుగు తొలవడం మొదలైంది. ఎవరో ఆ చోటు తెలుసుకుని ఊడ్చుకుపోయారు. చరణం బయటికి పొక్కింది. ఎవరి వల్ల?

నీకు తెలుసుగా నా సంగతి. "నీకు అన్నం లేకపోయినా జరుగుతాది, అనుమానం లేకపోతే జరగదు" అని నవ్వేవాడివి. టీ అంగడి దగ్గర నేను వెళ్ళగానే మాట మార్చేవాళ్ళందరినీ గుర్తుపెట్టుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ నన్ను చూసి మామూలు కంటే ఎక్కువ నవ్వుతున్నట్టనిపించింది. బావమరిది కొత్త చొక్కా కొనుక్కుంటే అదెక్కడిదని పట్టుకున్నాను, వాడు రెండు రోజులు బోటు ఎక్కలేదు. ఆఖరికి వదిన మీద కూడా... చేపలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తుంటే అరుగు మీద చెవి ఒగ్గి కూర్చున్నాను. చెవిపోటా, నూనె కాచి పొయ్యనా అని అడిగింది పాపం.

అప్పుడు వచ్చింది దేవరాజు పాట.

నీ పేరు మీద అని చెప్పి మన వలపాటే తన గొంతులో పాడి గ్రూపులో పెట్టాడు. సుజాతక్క విని ఏడ్చానని రాసింది. నేనూ ఏడవబోతున్నాను... రెండో చరణం అయింది. నాలుగోది ఎత్తుకోలేదు. మధ్యలో మాటలు లేకుండా ఊ... ఊ... అని రాగం తీశాడు. సరిగ్గా ఒక చరణం పొడుగున. ఆ తర్వాత నాలుగోది అందుకున్నాడు.

అక్కడ ఒక చరణం ఉందని తెలియనివాడు దానికి చోటు ఎందుకు వదులుతాడు? గ్రూపులో నువ్వు ఎప్పుడు పాడినా ఆ అతుకు కనపడనివ్వలేదే. మరి వీడికి ఎలా తెలిసింది?

దొంగ దొరికాడు అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను చేసిన పనులు వింటే నవ్వుతావు. వాడు మొదటి నుంచి పెట్టిన పాటలన్నీ తవ్వి విన్నాను, వెనకాల ఎక్కడైనా సముద్రం హోరు, బోటు ఇంజను చప్పుడు ఉందేమోనని. ఒకదాంట్లో కోడి, ఒకదాంట్లో వాళ్ళావిడ కేకలు, అంతే. నేనే ఒక దొంగ చరణం అల్లి, తాటితోపనీ దీపస్తంభమనీ లేనిపోని గుర్తులు పెట్టి గ్రూపులో వదిలాను, వాడు ఎగబడతాడేమో చూద్దామని. బాణీ బాగా కుదరలేదని మాత్రం రాశాడు. ఎక్కడ దొరికిందో చెప్పలేదేమని సుజాతక్క అడిగింది. నీ షరతు నాకే తగిలింది.

ఇక ఆగలేకపోయాను. బిట్రగుంటలో ప్యాసింజరు ఎక్కి దొరవారిసత్రంలో దిగాను. తిట్టాల్సిన మాటలు దారి పొడుగునా కూర్చుకుంటూనే ఉన్నాను. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన వేరే సీటుకి వెళ్ళిపోయాడు, పెదాలు కదులుతున్నాయి కాబోలు.

దేవరాజును నువ్వు చూడలేదు కదా? సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా బురద. ఫోన్లో గొంతు వింటే ఆరడుగులుంటాడనుకుంటాం, నా భుజం దాకా కూడా రాడు. నన్ను చూసి వాళ్ళావిడని పిలిచి, శేషన్న తమ్ముడు వచ్చాడని చెప్పాడు. ఆవిడ నిలువుకాళ్ళ మీద రొయ్యల వేపుడు చేసింది. తినకుండా తిడదామనుకున్నాను. వాసన ఊరుకోనివ్వలేదు. తిని తిట్టాను. స్నేహం పేరుతో మా అన్న నోట్లోది లాక్కున్నావు, మా చోటు అమ్ముకున్నావు, ఇంకా చాలా అన్నాను. వాళ్ళావిడ తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

అతను అంతా విని, ఒకటే అడిగాడు.

"వల చిరిగిందా?"

అర్థం కాలేదు. చిరగలేదన్నాను. "అయితే నువ్వు అక్కడికి పోనేలేదు" అన్నాడు.

అన్నా... నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. అన్నేళ్ళు నీతో వెళ్ళినవాణ్ణి, రాయి లేకుండా వల చిరగదని తెలిసినవాణ్ణి, అది నాకు తట్టలేదేం? తట్టలేదు. చరణం తప్పు కావచ్చనే ఆలోచన రాలేదు. నువ్వు చెప్పింది కదా.

దేవరాజు తన ఫోన్లో నీ వాయిస్ మెసేజ్ తీసి నా చేతిలో పెట్టాడు. ఇంజను చప్పుడు, అలల చప్పుడు, మధ్యలో నీ గొంతు.

"దేవరాజూ, ఇది నీ కాడ ఉంచుకో. మా పోలిగాడికి నేను నేర్పింది సరైంది కాదు. ఫ్యాక్టరీ గోడ కాదు, తాడి ఎనకాల నిలవాల్సింది నీళ్ళ ట్యాంకు. ఆ రాళ్ళ కాడ ఈమధ్య అన్నీ పిల్ల చేపలే పడతా ఉండాయి. ఒక ఏడాదన్నా ఊపిరాడనియ్యాల. వాడికి చెప్తే ఆగడు, మర్నాడే పోతాడు. మా ఊరి పెద్దలు కాపులకి చెప్పి, ఎవురూ అటు పోకుండా దురాయి ఏయించి ఆపుదామంటే, ఊరందరికీ చోటు తెలిసిపోతాది. నీకైతే సముద్రమంటేనే దడుపు. నీ కాడ ఉంటే నాకు భయం లేదు. నేను ఉంటే నేనే చెప్పుకుంటా. ఈమధ్య ఎడమ చెయ్యి లాగతా ఉండాది, ఏమో... లేకపోతే వాడే వస్తాడు నీ కాడికి. తగాదాకే వస్తాడు. వాడు ఊరందరినీ అనుమానిస్తాడు, నన్ను తప్ప. వచ్చినాక ఇనిపియ్యి."

తర్వాత మూడో చరణం పాడావు. నీళ్ళ ట్యాంకు పెట్టి. ఒడ్డున పాడకూడదన్న కట్టడి తప్పకుండా, సముద్రం మీదే.

నీ వెనకాల ఇంకో గొంతు వినపడుతోంది. మళ్ళీ పెట్టించుకుని విన్నాను. నేనే. బోటు ముందువైపు కూర్చుని, సుజాతక్క ఆ రోజు పెట్టిన పాట బాగాలేదని సణుగుతున్నాను. నీకు నాలుగు బారల దూరంలో ఉన్నానన్నమాట. ఇంజను చప్పుడులో నాకేమీ వినపడలేదు. టవరు అందగానే నువ్వు దీన్ని పంపించేసి, నా వైపు చూసి నవ్వి ఉంటావు. కదా?

గ్రూపులో ఆ రాగం ఎందుకు తీశావని దేవరాజును అడిగాను. "ఎన్నాళ్ళు చూసినా నువ్వు తగాదాకి రాలేదు, అందుకని పిలిచాను" అన్నాడు. నా అనుమానం మీద మీ ఇద్దరికీ ఎంత నమ్మకం...

తిరుగు బండిలో నీ మీద కోపంతో ఉడికిపోయాను. పాట ఎక్కడ దొరికిందో చెప్పి తీరాలన్నవాడివి, నాకు ఇలా చేస్తావా? నా దణ్ణం తీసుకుని ముఖం తిప్పుకున్నది అందుకా? నన్ను ఆగమంటే నిజంగా ఆగేవాణ్ణి కానా? ఈ చివరిది మాత్రం చాలాసేపు ఆలోచించాను. జవాబు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి నీ ఫోటో గోడవైపు తిప్పేశాను. వదిన మళ్ళీ ఇటు తిప్పింది.

రెండు వారాలు అక్కడికి పోలేదు. ఈ ట్యాంకు కూడా అబద్ధమేమో అని భయం. నువ్వు నాకు చెప్పిన మాటల్లో ఇంకెన్ని ఇలాంటివో అని, పడుకుంటే అవే లెక్కలు. బోటు నాకే ఇవ్వమన్నావని వదిన చెప్పింది, అదైనా నిజమేనా? నా పాట బాగుందన్నావు ఒకసారి, అది?

మొన్న నీ సంవత్సరీకం అయిన మర్నాడు వెళ్ళాను.

గోపురం వెనక టవరు. తాడి వెనక ట్యాంకు. నేను అంతకుముందు నిలిపిన చోటుకి బాగా దక్షిణంగా వచ్చింది. వల వేసి, చరణం పాడాను. ఈసారి ఏడుపు రాలేదు. లాగుతుంటే కింద ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. బావమరిది అయ్యయ్యో అన్నాడు. బరబరా చిరిగిన చప్పుడు చేతుల్లోకి తెలిసింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. వాడికి భయమేసింది, నాకు మతి పోయిందనుకున్నాడు.

వంజరాలు, అన్నా. నిలువెత్తు వంజరాలు. చిరిగినదాంట్లోంచి పోయినవి పోగా ఇంకా ఉన్నాయి. ఏడాది ఊపిరి పీల్చుకున్న చేపలు. ఒక్కొక్కటీ లోపలికి లాగుతుంటే నువ్వు అటు చివర పట్టుకున్నట్టే ఉంది. పిల్ల చేపలు కొన్ని పడితే ఏరి వదిలేశాను. నువ్వు చూస్తున్నావనే వదిలాను, లేకపోతే వదిలేవాణ్ణో లేదో.

వస్తూ టవరు అందగానే గ్రూపులో పాట పెట్టాను. ఆ తర్వాతే ఇంటికి ఫోన్. వదిన ఫోనెత్తి, బుచ్చిరెడ్డిపాలేనికి ముందు తెలిసిందా అని అడిగింది. ఏడాది తర్వాత ఆ మాట విన్నాను.

నేను పెట్టింది మన వలపాటే. రెండో చరణం తర్వాత ఊ... ఊ... అని ఒక చరణం పొడుగున రాగం తీసి, నాలుగోది అందుకున్నాను. దేవరాజు వెంటనే రాశాడు, వల చిరిగిందా అని. నేను చిరిగిన వల ఫోటో పెట్టాను. నీ ఫోన్లోకీ వచ్చి ఉంటుంది. చూశావా?

ఇక ఈ సీజనంతా అటు పోను. ఎవరూ కట్టడి చెయ్యకపోయినా పోను. మాట ఇస్తున్నాను. నువ్వు నమ్మవని తెలుసు, అందుకే దేవరాజుకి కూడా చెప్పి ఉంచాను.

ఇంకొక్కటి, అన్నా. నిన్న సుజాతక్క ఒక నాట్ల పాట పెట్టింది. నువ్వు ఒకప్పుడు పంపినదట. అందులో చివరికి వచ్చేసరికి కాసేపు ఆగి, ఏదో మింగినట్టు మింగి, మళ్ళీ ఎత్తుకుంది. మామూలుగా ఆవిడ అలా ఆగదు...

ఆవిడ దగ్గర కూడా ఏమైనా పెట్టి వెళ్ళావా?

చిరిగిన వల కుట్టడం అవగానే బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళొస్తాను. ఈసారి తిట్టకుండానే అడుగుతాను.

నీ
పోలిగాడు